ఫరంగి తాత, పేరు లేని జేజి

మా వంశంలో ఒక ఫ్రెంచివాడు ఉన్నాడని మా చిన్నాయన నమ్మకం. ఆధారాలేవని అడిగితే రెండు చెప్తాడు. ఒకటి, మా జేజినాయనవి పిల్లికళ్ళు. రెండు, జమ్మలమడుగు దగ్గర మా పాత ఊళ్ళో మా ఇంటిని ఇప్పటికీ ‘పరంగోళ్ళ ఇల్లు’ అంటారు. “పరంగోడంటే తెల్లోడు. గండికోటలో ఫ్రెంచోళ్ళు ఉన్న్యారు. మన ఊరికీ గండికోటకీ ఎంత దూరమబ్బా? ఇంగేం గావాల నీకు?” అంటాడు. పొద్దుటూరులో మా బంధువుల పెళ్ళి ఏది జరిగినా భోజనాలయ్యాక వక్క నములుతూ ఆయన ఈ కథ చెప్పాల్సిందే. బుస్సీ సైన్యంలో సిపాయి ఒకడు దారి తప్పడం, మా ఊరి పెద్ద అతన్ని దాచిపెట్టడం, కూతుర్నిచ్చి పెళ్ళి చెయ్యడం... ఏటేటా కొత్త వివరాలు చేరి కథ బాగా ముదిరింది.

నేను ఈ కథని పట్టించుకోవడం మొదలుపెట్టింది రెండేళ్ళ క్రితం, అదీ వేరే దారిలో. మా ప్రాజెక్టులో ఫ్రాన్సు వైపు నుంచి ఒకావిడ చేరింది. పుట్టింది రియూనియన్ దీవిలో, ఉంటున్నది లియోన్‌లో. నేను ఆంధ్రా వాణ్ణని తెలిశాక ఒకరోజు మీటింగు అయిపోయాక ఆగి, మా ముత్తాత తండ్రి పేరు చూసి అర్థం చెప్తావా అని అడిగింది. మర్నాడు ఒక పెళ్ళి రిజిస్టరు పేజీ పంపింది. చేతిరాత, ఫ్రెంచి భాష. గూగుల్ సాయంతో, ఆవిడ సాయంతో చదువుకున్నా. పెళ్ళికొడుకు పేరు, వయసు, పని, పుట్టిన చోటు యానాం. తండ్రి పేరు. తల్లి పేరు.

ఆ తల్లి పేరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆమె ఓడ ఎక్కలేదు. కొడుకు వెళ్ళిన దీవి ఎక్కడుందో కూడా ఆమెకి తెలిసి ఉండదు. అయినా ఎవరో గుమాస్తా అడిగితే కొడుకు తల్లి పేరు చెప్పాడు, గుమాస్తా తనకి వినబడినట్టు రాసుకున్నాడు, నూటయాభై ఏళ్ళ తర్వాత మునిమనవరాలి కూతురు దాన్ని చదువుతోంది. ఆవిడ మామూలుగానే అడిగింది: “మరి మీ నాయనమ్మ పుట్టినప్పటి పేరేంటి?”

మగవాళ్ళ వరసైతే నేను ఐదు తరాలు గడగడా చెప్పగలను. జేజి పేరు ఓబులమ్మ. ఓబులమ్మ అంతే. పుట్టింటి పేరు నాకు తెలీదు. మా నాయనకి ఫోన్ చేస్తే ఆయనకీ తెలీదు. “మామోళ్ళది పులివెందుల అవతల, సింహాద్రిపురం పక్కన. ఇంటిపేరా... యాడ అడిగినాం రా,” అన్నాడు. ఉన్నాడో లేడో తెలీని ఫరంగి తాతకి ఇంత కథ కట్టుకున్న ఇంట్లో, అరవై ఏళ్ళు ఆ ఇంటికి అన్నం వండిన మనిషి ఎవరింటి పిల్లో ఎవరికీ గుర్తు లేదు. ఈ వ్యాసం దాని గురించే.

*

ముందు ఫ్రెంచివాళ్ళ పద్ధతి చెప్పాలి. వాళ్ళ వంశవృక్షాల వాళ్ళకి అంత సులువుగా పని ఎందుకవుతుందో అప్పుడే తెలుస్తుంది.

ఫ్రాన్సులో చర్చిలు బాప్తిస్మాలు రాయాలని 1539లోనే రాజు ఆజ్ఞ ఉంది. విప్లవం వచ్చాక, 1792లో, పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ రాసే పనిని ప్రభుత్వం చర్చి చేతుల్లోంచి తీసుకుని ఊరి మేయరు కచేరీకి ఇచ్చింది. 1794లో ఇంకో చట్టం వచ్చింది: పుట్టుక రిజిస్టర్లో ఏ పేరుందో ఆ పేరు తప్ప ఇంకోటి వాడకూడదు. అంటే పేరు మనిషి ఇష్టం కాకుండా పోయింది. 1803లో మరో చట్టం. పిల్లలకి పెట్టే పేరు క్యాలెండర్లలో ఉన్న సెయింట్లదో, పురాతన చరిత్రలో పేరున్నవాళ్ళదో అయ్యుండాలి. ఈ కట్టడి కాస్త సడలింది 1966లో, పూర్తిగా పోయింది 1993లో. మనమైతే కొండకీ, గుట్టకీ, పక్కూరి దర్గాకీ మొక్కుకుని ఆ పేర్లు పెట్టుకుంటుంటే అక్కడ తల్లిదండ్రులు గుమాస్తా ఒప్పుకునే పేరు వెతుక్కునేవాళ్ళన్న మాట.

నన్ను ఆశ్చర్యపరిచింది వేరే విషయం. ఆ 1794 చట్టం వల్ల ఫ్రెంచి ఆడమనిషి పెళ్ళితో పేరు పోగొట్టుకోదు. పెళ్ళయ్యాక బయట మొగుడి ఇంటిపేరుతో చలామణీ అవుతుంది, ఉత్తరాల మీద ‘ఫలానా వారి భార్య’ అనే ఉంటుంది. కానీ రిజిస్టర్లో పుట్టింటి పేరుతోనే పెళ్ళి చేసుకుంటుంది, పుట్టింటి పేరుతోనే చచ్చిపోతుంది. పిల్లల పెళ్ళి కాగితాల్లో కూడా తల్లి పుట్టింటి పేరే రాస్తారు. ఆడవాళ్ళని గౌరవించి చేసిన ఏర్పాటు కాదిది. విప్లవ ప్రభుత్వానికి ఎవరు ఎవరో ఖచ్చితంగా తెలియాలి, పేరు మారితే లెక్క తప్పుతుంది, అంతే. పిల్లలకి తల్లి ఇంటిపేరు కూడా ఇవ్వొచ్చని వాళ్ళ చట్టం ఒప్పుకున్నది 2005 నుంచి మాత్రమే. కానీ ఆ లెక్కల పుణ్యాన, ఈరోజు లియోన్‌లో కూర్చున్న మనిషి తల్లి, తల్లి తల్లి, ఆ తల్లి తల్లి అంటూ ఆడవాళ్ళ వరసలోనే రెండు వందల ఏళ్ళు వెనక్కి నడవగలదు. వలస దేశాల రిజిస్టర్లు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని అభిలేఖాగారంలో ఉన్నాయి. చాలావాటిని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. అర్ధరాత్రి పైజమాలో కూర్చుని చూసుకోవచ్చు.

*

అయితే ఆవిడ పంపిన పేజీలో ఒక మోసం ఉంది. అది చెప్పడానికి నాకు వారం పట్టింది.

ఆవిడ ఇంటిపేరు ఇక్కడ రాయను. మన వెంకటసామి, అప్పడు లాంటి పేరే. ఆవిడ దాన్ని ‘ఇండియాలో మా కుటుంబం పేరు’ అనుకుంటోంది. అది కుటుంబం పేరు కాదు. ఒక మనిషి పేరు. దీవికి వచ్చిన మొదటి మనిషి తండ్రిని అమ్మ పిలుచుకున్న పేరు.

రియూనియన్ని అప్పట్లో బూర్బోన్ దీవి అనేవాళ్ళు. అక్కడికి కాంట్రాక్టు కూలీలుగా వెళ్ళిన మొదటి భారతీయులు మనవాళ్ళే, యానాం నుంచి, 1828లో. ఓ పదిహేను మంది. బానిసత్వం 1848 డిసెంబర్ 20న రద్దయ్యాక చెరుకు తోటలకి మనుషులు కావాల్సి వచ్చి ఓడలు పెరిగాయి. 1860లో ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం కుదిరాక మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కూడా మనుషుల్ని తీసుకెళ్ళారు. అక్కడ కూలీలని చూసే తీరు బాగాలేదని 1882లో బ్రిటిష్ ప్రభుత్వం ఆపేసింది. ఈలోపల వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు.

ఆ కచేరీల్లో రిజిస్టరుకి రెండు గళ్ళు: కుటుంబం పేరు, మనిషి పేరు. కూలీకి గుమాస్తా వేసిన ప్రశ్న ‘నీ పేరు, నీ తండ్రి పేరు’. మన ఇంటిపేరు అనేది గుమాస్తా ఎరగడు, అడగడు. దాంతో తండ్రి పేరు కుటుంబం పేరు గడిలోకి పోయింది. ఒకసారి పోయాక 1794 చట్టం కాపలా. ఇక మారదు. బానిసలుగా ఉండి విడుదలైన అరవై వేల పైచిలుకు మందికి అదే దీవిలో అదే కాలంలో కుటుంబం పేర్లు కొత్తగా కల్పించి రాశారు. మనవాళ్ళకి ఆ కల్పన అవసరం రాలేదు, చేతికందిన పేరే పెట్టారు.

పక్కనే మారిషస్‌లోనూ ఇంతే. అది 1810 దాకా ఫ్రెంచివాళ్ళది, తర్వాత ఇంగ్లీషువాళ్ళది. కానీ భాష, చట్టం ఫ్రెంచివే మిగిలాయి. 1834 నుంచి అక్కడికి నాలుగున్నర లక్షల మంది దాకా భారతీయ కూలీలు వెళ్ళారు. తెలుగువాళ్ళని అక్కడ ‘కోరంగీలు’ అన్నారు, కోరంగి రేవులో ఓడ ఎక్కారు కాబట్టి. ఒక రేవు పేరు మొత్తం జాతి పేరైంది. అప్పడు అన్న మనిషి మనవలు, మునిమనవలు అందరూ ఇంటిపేరు గడిలో అప్పడు. ఇక్కడ మనకి తాత పేరు మనవడికి పెట్టుకోవడం ఉంది. అక్కడ ఒకే తాత అందరికీ ఒక్కసారే, శాశ్వతంగా వచ్చేశాడు.

ఇదంతా ఆవిడకి రాశాను. నీ దగ్గరున్నది ఇంటిపేరు కంటే ముందున్నది, ఒక తండ్రి పేరు. అసలు ఇంటిపేరు యానాంలో ఓడ ఎక్కేటప్పుడే ఒడ్డున ఉండిపోయింది. పైగా ‘పుట్టిన చోటు యానాం’ అన్నదాన్ని కూడా పూర్తిగా నమ్మొద్దు, ఎక్కిన రేవునే పుట్టిన ఊరిగా రాయడం మామూలే అన్నాను. ఆవిడ కాసేపు బాధపడింది. తర్వాత, “అయితే నాకు ఆడవాళ్ళ పేర్లు దొరికాయి, ఇంటిపేరు పోయింది. నీకు ఇంటిపేరు దొరికింది, ఆడవాళ్ళు పోయారు,” అని రాసింది.

*

ఫ్రెంచి రిజిస్టరు ఉన్నా ఇంటిపేరు పోని తెలుగువాళ్ళూ ఉన్నారు. యానాంలోనే. 1954 జూన్ 13న విముక్తమై, కాగితాల మీద 1962 ఆగస్టు 16న భారతదేశంలో కలిసిన ఊరది. అక్కడి ఉద్యమ నాయకుడు దడాల రఫేల్ రమణయ్య పేరు చూడండి. ముందు ఇంటిపేరు, మధ్యలో బాప్తిస్మం పేరు, చివర మన రమణయ్య. మూడూ గొడవ పడకుండా ఒకే వరసలో నిలబడ్డాయి.

ఎందుకంటే ఫ్రెంచి ఇండియాలో స్థానికులని వాళ్ళ వాళ్ళ ఆచారాలకే వదిలేశారు. 1881 సెప్టెంబర్ 21 నాటి ఉత్తర్వు ఒకటి మాత్రం, ఎవరైనా తమ కులమత ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టం కిందకి రావొచ్చు అంది. అలా వచ్చినవాళ్ళు తప్పనిసరిగా ఒక కుటుంబం పేరు ఎంచుకోవాలి. పుదుచ్చేరిలో చాలామంది ఎంచుకున్నారు, అందుకే అక్కడ ఇప్పటికీ అచ్చ ఫ్రెంచి ఇంటిపేర్లున్న తమిళులు కనబడతారు. రక్తంలో ఫ్రెంచి చుక్క లేకుండా పేరులో ఉన్నవాళ్ళు వాళ్ళు. ‘మా పూర్వీకులు ఫ్రెంచివాళ్ళు’ అనుకునే మనవళ్ళు ఎవరైనా ఉంటే, ముందు చూడాల్సింది ఈ 1881 కాగితం.

యానాంకి ఇంకో పేరుంది, కల్యాణపురం. బ్రిటిష్ ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలు నేరమయ్యాక, చుట్టుపక్కల గోదావరి జిల్లాల వాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని సరిహద్దు దాటొచ్చి యానాంలో పెళ్ళిళ్ళు చేసుకుపోయారు. ఆ ఊరి చట్టం మనుషుల పేర్లని కాపాడింది, ఆ పక్కనే పసిపిల్లల్ని కాపాడకుండా కళ్ళు మూసుకుంది. రిజిస్టర్లని నేను మెచ్చుకుంటుంటే ఇది గుర్తు పెట్టుకోవాలి.

*

ఇక కడప జిల్లాకి వద్దాం. మా చిన్నాయన కథకి న్యాయం చెయ్యాలి కదా.

ఆయన చెప్పినదాంట్లో ఒకటి నిజం. గండికోటలో ఫ్రెంచివాడు ఉన్నాడు. మీర్ జుమ్లా 1650లో పెమ్మసాని వాళ్ళ నుంచి కోట తీసుకున్నాక, 1652 సెప్టెంబర్‌లో రత్నాల వర్తకుడు తవెర్నియే అక్కడికి వచ్చాడు. ఆయన రాసుకున్న యాత్రా గ్రంథంలో, బూర్జ్ ఊరివాడైన క్లోద్ మయ్యే అనే తన దేశస్థుడు మీర్ జుమ్లా దగ్గర ఫిరంగులు పోత పోసే పనిలో ఉన్నాడని ఉంది. గుళ్ళలోని రాగి విగ్రహాలు కరిగించి ఇరవై ఫిరంగులు చెయ్యాలని ఒప్పందం. గండికోట గుడి నుంచి తెచ్చిన ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా మండిపడ్డాడట. చివరికి మయ్యే ఒక్క ఫిరంగి కూడా సరిగా పూర్తి చెయ్యకుండానే కొలువు మానేసి వెళ్ళిపోయాడని తవెర్నియే ముగిస్తాడు. అంటే మయ్యే మా తాత కాడు. వెళ్ళిపోయాడు.

తర్వాతిది బుస్సీ. 1751 జనవరిలో ముజఫర్ జంగ్‌ని నిజాంగా కూర్చోబెట్టడానికి ఫ్రెంచి దళంతో పుదుచ్చేరి నుంచి బయల్దేరాడు. రాయచోటి ప్రాంతంలో కడప, కర్నూలు నవాబులు తిరగబడ్డారు. ఆ పోరులో ముజఫర్ జంగ్ చచ్చిపోయాడు. బుస్సీ అక్కడికక్కడ సలాబత్ జంగ్‌ని కొత్త నిజాంగా నిలబెట్టి ముందుకు సాగిపోయాడు. రాయచోటి పాత కడప జిల్లాకి ఆ మూల, మా ఊరు ఈ మూల. దారి తప్పిన సిపాయి మరీ అంత తప్పడు. ఇంకోటి రేమండ్. హైదరాబాదులో మూసారాంబాగ్ ఎవరి పేరు మీద ఉందో ఆ మూసా రేమండ్. 1795లో నిజాం ఆయన దళాన్ని కడపకి పంపితే ఇంగ్లీషువాళ్ళు అభ్యంతరం చెప్పారు, కొద్ది కాలానికే దళం వెనక్కి పోయింది. అందులో కూడా సిపాయిలు మనవాళ్ళే, పైన అధికారులు మాత్రం యూరపువాళ్ళు.

ఫ్రెంచి సైన్యం రిజిస్టర్లు కూడా గట్టివే. 1716 నుంచి సిపాయిల పట్టీలు రాశారు, ఎవడు పారిపోయినా పేరు పక్కన రాస్తారు. ఆ పట్టీల్లో ఒక విచిత్రం ఉంది. ప్రతి సిపాయికీ ఇంటిపేరు కాక ఒక ‘యుద్ధం పేరు’ ఉంటుంది: పువ్వు, తులిప్, బెంగలేనోడు, ఇట్లాంటివి. ఫలానా పియేర్, ‘బెంగలేనోడు’ అనబడేవాడు అని రాస్తారు. ఇది చదివినప్పుడు నాకు వెంటనే పులివెందుల గుర్తొచ్చింది. వైయస్ అన్న రెండక్షరాలు ఎరగని తెలుగువాడు లేడు, కానీ విప్పి చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. యెడుగూరి సందింటి. సందింటి అంటే సందులో ఉన్న ఇంటివాళ్ళు అనే కదా. ఒకే ఇంటిపేరు వాళ్ళు ఊరి నిండా ఉంటే, ఏ యెడుగూరి వాళ్ళు అంటే సందులో వాళ్ళు. గుర్తు కోసం ఊరు తగిలించిన ముక్క, తరాలు గడిచేసరికి పేరులో భాగమైపోయింది. ఫ్రెంచి పల్టన్లో గుమాస్తా చేసిన పని మన ఊళ్ళలో రచ్చబండ చేసింది.

మరి మా ‘పరంగోళ్ళు’? అదీ ఊరు తగిలించిందే అయ్యుండాలి. పోయిన ఉగాదికి ఊరెళ్ళి, తొంభైకి దగ్గరపడ్డ ఒకాయన్ని అడిగాను. మా జేజినాయన కంటే చిన్నవాడు, ఆయనతో గొర్రెలు కాసినవాడు. ఆయన నవ్వి, “తెల్లోళ్ళూ లేదు, నల్లోళ్ళూ లేదబ్బీ. మీ ఇంటి ముందర బాయికాడ పరంగి చెట్లు ఉండె. ఊర్లో ఇంగ యాడా లేవు. పిలకాయలం కాయలు దొంగిలించేదానికి పరంగోళ్ళ ఇంటికాడికి పోదాం పా అనుకునేటోళ్ళం,” అన్నాడు.

మా వైపు బొప్పాయిని పరంగికాయ అంటాం. పోర్చుగీసువాళ్ళు అమెరికా నుంచి తెచ్చిన చెట్టు కాబట్టి దానికా పేరు. ఫ్రాంకు అన్న మాటే అరబ్బుల నోట్లో, పారశీకుల నోట్లో నలిగి మన దగ్గర ఫరంగి అయింది, ఫిరంగి అయింది, పరంగికాయ అయింది. ఒకే మాట ఒకచోట మనిషి, ఒకచోట తుపాకి, మా ఇంటి ముందర చెట్టు. పిల్లికళ్ళ సంగతి కూడా అంతే. ఏ విదేశీయుడి సాయం లేకుండానే మన ఊళ్ళలో పిల్లికళ్ళ పిల్లలు పుడుతుంటారు. చిన్నాయనకి ఈ సంగతి చెప్తే ఆయనేం తగ్గలేదు. “సరే, ఆ చెట్టు నాటిందెవురో కనుక్కో,” అన్నాడు.

అన్నట్టు, కడప సీమలో ఫ్రెంచివాళ్ళు నిజంగా పేర్లు నాటిన చోటొకటుంది. 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి జెస్యూట్ ఫాదర్లు పుంగనూరు మీదుగా పైకొచ్చి తెలుగు నేర్చుకున్నారు. వాళ్ళ వెనక వచ్చిన పేర్లే రాయప్ప, చిన్నప్ప, శౌరి, ఇన్నయ్య. రాయప్ప అంటే పీటరు, ఎందుకంటే పీటరు అంటే రాయి. చిన్నప్ప అంటే పాలు, ఆ మాటకి లాటిన్‌లో చిన్నవాడని అర్థం. శౌరి జేవియర్, ఇన్నయ్య ఇగ్నేషియస్. తర్వాత ఎప్పుడో లూర్దు కూడా మన ఊళ్ళకొచ్చి లూర్దయ్య, లూర్దుమేరి అయింది. ఆ కుటుంబాల్లో రెడ్లు రెడ్లుగానే ఉన్నారు, ఇంటిపేర్లు చెక్కు చెదరలేదు. ఆ ఫాదర్లలో గాస్తోన్ కుర్దూ అనే ఆయన, తెలుగూ సంస్కృతమూ నేర్చినవాడు, సంస్కృతానికీ లాటిన్ గ్రీకులకీ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్‌కి రాశాడు. విలియం జోన్స్ అదే మాట కలకత్తాలో చెప్పింది 1786లో. కుర్దూది కూడా బూర్జ్ ఊరే, మన గండికోట మయ్యేది ఏ ఊరో అదే. ఒకడు మన విగ్రహాలు కరిగించబోయి ఓడిపోయాడు, ఇంకొకడు మన మాటలకి చుట్టాల్ని వెతికిపెట్టాడు.

*

ఇప్పుడు మా జేజి.

మా వైపు పేర్లతో వంశం వెతకడం ఎంత కష్టమో చెప్పాలి. అహోబిలం దగ్గర కాబట్టి ఇంటికొక ఓబులేసు, ఓబులరెడ్డి, ఓబులమ్మ. దర్గాకి మొక్కుకుంటే దస్తగిరి, మస్తానయ్య, ఏ కులమైనా సరే. అన్నదమ్ములకి ఒకే పేరు పెట్టి పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు అంటారు. తాత పేరు మనవడికి పెడితే కోడలు మామ పేరు పలకకూడదు కాబట్టి ఆ పిల్లాణ్ణి అబ్బయ్య అనో, నాయన అనో పిలుస్తుంది. బడిలో చేర్చే రోజు దాకా వాడికి తన పేరు తెలీదు. డేటాబేసు పని చేసుకునేవాడికి ఇది పీడకల. ఒకే విలువ పది వరసల్లో ఉంటే ఏది ఎవరిదో తేల్చేది ఎట్లా?

తేల్చేది ఇంటిపేరుతోనే. సంబంధం మాట్లాడేటప్పుడు మొదట అడిగేది అదే. మీరెవురోళ్ళు? ఇంటిపేరు కలిస్తే అన్నాచెల్లెళ్ళ వరస, అక్కడితో ఆగిపోతుంది. కలవకపోతే ముందుకు పోతుంది. ఆడపిల్లకి ఇంటిపేరు నిజంగా అవసరపడేది జీవితంలో ఆ ఒక్క రోజే. తలంబ్రాలయ్యాక దానితో పనిలేదు. రేషన్ కార్డు, ఓటరు పట్టీ, పట్టాదారు పుస్తకం, అన్నిట్లోనూ మా జేజి మా ఇంటిపేరుతోనే ఉంది, భర్త పేరు పక్కన. పుట్టుకలూ చావులూ తప్పకుండా నమోదు చెయ్యాలనే చట్టం దేశమంతటికీ వచ్చింది 1969లో. అప్పటికి మా జేజికి మనవరాలు పుట్టింది. ఆమె పుట్టుక ఏ కాగితంలోనూ లేదు.

ఆమె తల్లిదండ్రులు ముందే పోయారు. ఉన్న ఒక్క తమ్ముడు కరువు సంవత్సరంలో గొడ్లని తోలుకుని అనంతపురం వైపు పోయి అక్కడే ఉండిపోయాడు. ఒకటి రెండు పెళ్ళిళ్ళ తర్వాత రాకపోకలు ఆగిపోయాయి. మేనమామ వరస తెగిపోతే పుట్టింటి పేరు గుర్తు చేసేవాళ్ళే ఉండరు. ఆమెని అడిగేవాళ్ళూ లేరు. ఆమెకి మాత్రం చివరిదాకా గుర్తుండే ఉంటుంది. ఎవరూ తీయని తలుపు వెనక.

నాకు దొరికింది ఒక ఇత్తడి బిందె. పొద్దుటూరు ఇంట్లో అటక మీద ఉంది. మా అమ్మ, ఇది మీ జేజి పుట్టింటోళ్ళు పెట్టింది, సారెలో వచ్చింది, అందుకే అమ్మలేదు అంది. మిగతావన్నీ స్టీలు సామాన్ల కాలంలో తూకానికి వేసి మార్చుకున్నారు. బిందె అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి. చింతపండుతో తోమితే పైకి తేలాయి: ‘మూ. గం. రె.’ గం. రె. అంటే గంగిరెడ్డి, అనుమానం లేదు, మా ముత్తాత పేరు అదేనని మా మేనత్తకి గుర్తుంది. అంటే మిగిలింది ‘మూ’. ఒక్క అక్షరం.

ఆ అక్షరం రాయించింది తండ్రి. బిందె కొన్నప్పుడు ఇత్తడంగట్లో అక్షరానికింత అని తీసుకుని కొట్టేవాళ్ళు, అందుకే పొదుపుగా మూడక్షరాలు. కూతురి పేరు రాయించలేదు. ఇచ్చినవాళ్ళ పేరు ఉండాలి కదా, రేపు ఎవరింటి సామాన్లో తెలియాలి కదా. సామానుకి పుట్టింటి పేరు ఉంది, దాంతో వచ్చిన పిల్లకి లేదు. ఫ్రెంచి గుమాస్తా అవసరం కొద్దీ ఆడవాళ్ళ పేర్లు మిగిల్చినట్టే ఇక్కడ కంచరి మిగిల్చాడు, కాకపోతే ఒక అక్షరమే.

సింహాద్రిపురం పక్కన ఆ ఊళ్ళో మాకు తెలిసినాయన ఒకరున్నారు. ఆ అక్షరంతో మొదలయ్యే ఇంటిపేర్లు అక్కడ రెండున్నాయట. ఒక ఇంటివాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, ఇంకో ఇంటివాళ్ళు ఎప్పుడో అనంతపురం పక్కకి పోయారట. ఆ రెండో మాట విన్నప్పుడు నా గుండె కాస్త గట్టిగానే కొట్టుకుంది. కానీ కరువుకి పోయిన ఇల్లు ఒక్కటే ఉండదు. పోయిన ఊరి పేరు ఇంకా తేలాలి, మనుషుల్ని కలవాలి.

ఈలోపల ఒక నోటు పుస్తకం పెట్టాను. అందులో మా ఇంట్లో పుట్టిన ఆడవాళ్ళు, మా ఇంటికి వచ్చిన ఆడవాళ్ళు, అందరినీ పుట్టింటి పేర్లతోనే రాస్తున్నాను. మా అమ్మ, మేనత్తలు, చిన్నమ్మలు, నా భార్య, ఇంకా నడవడం రాని నా కూతురు. ఇప్పటికి ఇరవై మూడు పేర్లు. నాలుగు గళ్ళు ఖాళీ. జేజి గడిలో ‘మూ’ అని రాసి పక్కన చుక్కలు పెట్టాను. మా అమ్మకి మొదట ఈ పని వింతగా అనిపించింది, ఇప్పుడు తనే చుట్టాలకి ఫోన్లు చేసి ఆడవాళ్ళని “నీ పుట్టింటి పేరేంది వదినా?” అని అడుగుతోంది. చాలామంది ఒక్క క్షణం ఆగి, నవ్వి, చెప్తున్నారట. ముప్పై నలభై ఏళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న.

లియోన్ ఆవిడ ఇంకా యానాం రిజిస్టర్లు తిరగేస్తూనే ఉంది. దొరక్కపోయినా పర్లేదంటుంది. నేనలా అనలేను, నాకు ఇంకా అడగదగిన మనుషులు బతికే ఉన్నారు కాబట్టి. మీకూ ఉంటే ఈ పండక్కి అడగండి. అటక మీద పాత ఇత్తడి ఏదైనా ఉంటే, తూకానికి వేసే ముందు అంచు ఒకసారి తోమి చూడండి.